కాలీ క్రాస్ లర్చర్‌ని పనికి తీసుకోవచ్చా? మూడింటిని పెంచిన అనుభవంతో నా సమాధానం

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హెరెఫర్డ్‌షైర్‌లో గొర్రెల ఫామ్ పక్కన అద్దెకుంటున్నావు, కుందేళ్ళు గట్లన్నీ తవ్వేస్తున్నాయని ఫామ్ ఆయన వాటిని పట్టుకోమని నీకు అనుమతిచ్చాడు, పగలు ఫెర్రెట్లతోనూ (కుందేళ్ళని బొరియల్లోంచి బయటికి తరిమే చిన్న పెంపుడు జంతువులు) రాత్రి లైటుతోనూ పనిచేసే కుక్క ఒక్కటే కావాలి, ఇంట్లో ఆరేళ్ళ బాబు, తొమ్మిదేళ్ళ పాప ఉన్నారు. దగ్గర్లో ఎవరో గొర్రెల్ని కాసే కాలీ, వేగంగా పరిగెత్తే గ్రేహౌండ్ కలిసిన కుక్కపిల్లల్ని, అంటే కాలీ క్రాస్ లర్చర్లని, అమ్ముతున్నారు. ఒకాయన "దీన్ని మించిన కుక్క లేదు" అన్నాడు, ఇంకొకాయన "పిచ్చెక్కిస్తుంది, జోలికి పోకు" అన్నాడు. నా లెక్కలో ఇద్దరూ నిజమే చెప్పారు. ఇద్దరూ మాట్లాడింది ఒకే గుణం గురించి, ఆ కుక్కకున్న తెలివి గురించి. ఆ తెలివికి రోజూ పని దొరికితే మొదటాయన మాట, దొరక్కపోతే రెండో ఆయన మాట.

నేను 2004లో ఉద్యోగం మీద వచ్చి లింకన్‌షైర్‌లో స్థిరపడ్డాను. కుక్కలూ కుందేళ్ళూ నాకు పక్కింటి రైతు నేర్పిన విద్య. ఇప్పటికి కాలీ రక్తమున్న లర్చర్లు మూడు పెంచాను: సగం క్రాస్ (సగం కాలీ, సగం గ్రేహౌండ్) ఆడకుక్క కర్రి, ముప్పావు గ్రేహౌండ్ చుక్క, గడ్డపు కాలీ (బియర్డెడ్ కాలీ) క్రాస్ మగకుక్క బూచోడు. వీటితోపాటు విప్పెట్ (చిన్న గ్రేహౌండ్ లాంటిది), బెడ్లింగ్టన్ టెర్రియర్ కలిసిన పిచ్చుక అనే చిన్నది కూడా ఉండేది, అది పక్కన ఉండబట్టే కాలీ రక్తం ఏమిస్తుందో ఏం తీసుకుంటుందో నాకు స్పష్టంగా తెలిసింది. ప్రతి చలికాలం మూడు ఫాముల్లో కుందేళ్ళు పడతాను. ఇది వ్యాపారం కాదు, కానీ ఆ రైతులు నన్ను నమ్ముకున్నారు కాబట్టి సరదాగా కూడా తీసుకోను.

మిగతా చదివేవాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. లర్చర్ అంటే ఒక జాతి కాదు, కుక్కల జాతుల్ని నమోదు చేసే ఇక్కడి కెన్నెల్ క్లబ్ దాన్ని జాతిగా గుర్తించలేదు. కంటితో చూసి తరిమే వేగమైన కుక్కని, అంటే గ్రేహౌండో విప్పెట్టో సలూకీనో, పనిచేసే ఇంకో జాతితో కలిపితే పుట్టేది లర్చర్. గ్రేహౌండ్ గంటకి 65 కిలోమీటర్లు దాటి పరిగెత్తగలదు, కానీ అది ఒక అర నిమిషం పాటు పరిగెత్తడానికి తయారైన ఒళ్ళు. పల్చటి చర్మం, ఒంటిమీద కొవ్వుండదు, చలి ఆగదు, కోసిన గోధుమ చేలో కొయ్యకాళ్ళ మీద రెండు పరుగులు తీస్తే పాదాలు చెక్కుకుపోతాయి. పిలిస్తే వచ్చే అలవాటు కూడా తక్కువే. ఈ లోటు పూడ్చడానికి పల్లెల్లో పనివాళ్ళు చేతికి అందుబాటులో ఉన్న తెలివైన కుక్కని కలిపారు, అది గొర్రెల్ని కాసే కాలీ. ఇంకో మాట, మనం రాబిట్‌నీ హేర్‌నీ రెండింటినీ కుందేలనే అంటాం, కానీ ఇక్కడ చట్టం రెండింటినీ వేరుగా చూస్తుంది. అందుకని బొరియల్లో గుంపుగా ఉండే రాబిట్‌ని కుందేలు అనీ, బొరియ లేకుండా చేలోనే పడుకునే పెద్ద హేర్‌ని చెవులపిల్లి అనీ రాస్తాను.

ముందు మంచి చెప్తాను, ఎందుకంటే నీకు కావలసిన పనుల్లో మొదటిది ఫెర్రెట్లతో పట్టడం, అక్కడ కాలీ రక్తానికి సాటి లేదు. ఫెర్రెట్ తెలుసు కదా, ముంగిసలా పొడుగ్గా సన్నగా ఉంటుంది, దాన్ని బొరియలోకి వదిలితే కుందేలు బయటికి దూకుతుంది, ప్రతి కన్నం మీదా మనం చిక్కం లాంటి చిన్న వల పరిచి ఉంచుతాం. ఇందులో కుక్క పని పరుగు కాదు. ఏ బొరియలో కుందేళ్ళున్నాయో ముందే వాసన చూసి చెప్పడం, వల వేస్తున్నంతసేపూ చప్పుడు చేయకుండా పక్కన నిలబడటం, కన్నానికి ఎదురుగా నిలబడి కుందేలుని మళ్ళీ లోపలికి తరమకుండా ఉండటం, ఏదైనా వల తప్పించుకుని పోతే అప్పుడు మాత్రం ఉరకడం. ఈ నాలుగూ బుర్రతో చేసే పనులు.

కర్రి రెండో ఏడాదికే దీన్ని పట్టేసింది. ఒకసారి ఒక పెద్ద గట్టు, ముప్పైకి పైగా కన్నాలు, చుట్టూ తాజా పెంటికలు, రైతేమో ఇదే అసలు గూడు అని చూపించాడు. కర్రి ఒక చుట్టు తిరిగి, ఏమీ లేదన్నట్టు వెళ్ళి కంచె అవతల కూర్చుంది. నేను దాని మాట వినకుండా గంటసేపు వలలు వేశాను, రెండు ఫెర్రెట్లని వదిలాను, ఒక్కటీ రాలేదు. అది కూర్చున్న చోట ముళ్ళపొద కింద అయిదే కన్నాలున్నాయి, అక్కడ పదకొండు కుందేళ్ళు పడ్డాయి. ఆ రోజు నుంచి కుక్క తల వంచి తోక గట్టిగా పెట్టి నిలబడని కన్నం మీద నేను వల పరచలేదు. పిచ్చుకకి కూడా వాసన బాగానే తెలిసేది, అయితే దానికి ప్రతి కన్నమూ ఆశే, నిన్నటి వాసనకీ ఇవాళ్టి కుందేలుకీ తేడా చెప్పడంలో కర్రి దగ్గరికి కూడా రాలేదు.

రెండోది ఓపిక. రాత్రి మేస్తున్న కుందేలు మీద లైటు వేసి, కుక్కని వదిలి పడుతున్నప్పుడు గ్రేహౌండ్ ఎక్కువున్న కుక్క అయిదారు పరుగుల తర్వాత డొక్కలు ఎగరేస్తూ నిలబడిపోతుంది. కాలీ క్రాస్ రెండు నిమిషాలు ఊపిరి తీసుకుని మళ్ళీ సిద్ధంగా ఉంటుంది. పాదాలు గట్టివి. మా వైపు వోల్డ్స్ అనే గుట్టల నేలంతా సున్నపురాయి, పైన చెకుముకి రాళ్ళు కత్తుల్లా తేలి ఉంటాయి. పిచ్చుక చలికాలంలో నెలకొకసారైనా కట్టుతో కూర్చునేది, కర్రికి పన్నెండేళ్ళ జీవితంలో పాదం కోసుకున్నది రెండే సార్లు. వానలో, చలిగాలిలో నాలుగు గంటలు గట్టు మీద కదలకుండా కూర్చోగలగడం కూడా ఆ బొచ్చు పుణ్యమే. గడ్డపు కాలీ క్రాస్‌కైతే ఇంకా గరుకు బొచ్చు, ముళ్ళపొదల్లోకి తల వంచి దూరిపోతుంది, కాకపోతే ఇంటికొచ్చాక ఆ బొచ్చులోంచి ముళ్ళూ బురదా తీయడానికి అరగంట పడుతుంది.

మూడోది తెచ్చివ్వడం. పట్టిన కుందేలుని నలపకుండా, ప్రాణంతోనే చేతికి తెచ్చిచ్చే కుక్క కావాలి, అప్పుడు మనం దాన్ని క్షణంలో బాధ లేకుండా చంపగలం, మాంసమూ చెడదు. నా కాలీ క్రాస్‌లు మూడూ ఇది దాదాపు నేర్పకుండానే చేశాయి. మన చేతిలో పెట్టి మన మొహంలోకి చూడటం వాటికి ఇష్టం. పిలిస్తే చీకట్లో రెండు పొలాల అవతల్నుంచి కూడా తిరిగొస్తాయి. ఈ ఒక్క గుణం ఎన్ని ప్రమాదాలు తప్పిస్తుందో రోడ్డు పక్క పొలాల్లో పనిచేసేవాళ్ళకి తెలుసు.

ఇక లోట్లు. అమ్మేవాళ్ళు ఇవి చెప్పరు కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు ఉంటాను.

మొదటిది వేగం, దానికన్నా ముఖ్యంగా మొదటి పది అడుగులు. కుందేలు ఎప్పుడూ తన బొరియకి దగ్గర్లోనే మేస్తుంది, యాభై గజాలో వంద గజాలో ఉరికితే లోపల పడిపోతుంది. అంటే కుక్క ఎంత దూరం పరిగెత్తగలదన్నది కాదు, ఎంత తొందరగా అందుకుంటుందన్నదే లెక్క. సగం క్రాస్‌కి ఆ మొదటి ఊపు తక్కువ. పొట్టి గడ్డి మైదానంలో, పగటిపూట, పిచ్చుక నాలుగింటికి మూడు పట్టే చోట కర్రి ఒకటి పట్టేది. వయసు వచ్చేకొద్దీ కర్రి దాన్ని బుర్రతో పూడ్చుకుంది, కుందేలు వెనక పోకుండా అది ఏ కన్నానికి పోతుందో ముందే చూసి అడ్డంగా కోసేది, కానీ ఆ నేర్పు రావడానికి రెండు సీజన్లు పట్టింది. మొదటి ఏడాది చూసి కాలీ క్రాస్ పనికిరాదని అమ్మేసినవాళ్ళని చాలామందిని చూశాను, వాళ్ళు ఇంకో ఏడాది ఆగి ఉంటే బాగుండేది.

రెండోది గొర్రెల్ని కాసే అలవాటు. ఇక్కడ కొంచెం చరిత్ర తెలిస్తే కుక్క అర్థమవుతుంది. గొర్రెల పని చేసే కాలీల్లో ముఖ్యమైన రకం బోర్డర్ కాలీ, ఇప్పటి బోర్డర్ కాలీలన్నీ దాదాపుగా 1893లో నార్తంబర్లాండ్‌లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే మగకుక్క సంతతే. ఆడమ్ టెల్ఫర్ అనే ఆయన దాన్ని పెంచాడు. మొరగకుండా, కరవకుండా, ఒంగి నెమ్మదిగా నడుస్తూ చూపుతోనే గొర్రెల్ని కదిలించడం దాని పద్ధతి. 1906లో పెట్టిన ఇంటర్నేషనల్ షీప్ డాగ్ సొసైటీ, పోటీలు, వీటన్నిటి వల్ల ఆ పద్ధతే తరతరాలుగా గట్టిపడింది. వేట జంతువులో చూడటం, పొంచడం, తరమడం, పట్టడం, చంపడం అని ఒక వరస ఉంటే, కాలీలో పొంచడం వరకూ పెంచి పట్టడం దగ్గర ఆపేశారన్నమాట. లర్చర్‌కి కావలసింది సరిగ్గా ఆ ఆపేసిన భాగం. రెండూ కలిసినప్పుడు పిల్లల్లో ఏది ఎంత వస్తుందో ఎవరూ చెప్పలేరు. కర్రి పద్నాలుగు నెలలప్పుడు ఒక కుందేలుని అందుకుని, పట్టకుండా దాని పక్కనే పరిగెత్తుతూ చుట్టు తిప్పి నా వైపు తోలుకొచ్చింది. చూడ్డానికి అద్భుతంగా ఉంది, కుందేలు మాత్రం నా కాళ్ళ పక్కనుంచి బొరియలోకి పోయింది. నాలుగైదు సార్లు అలా జరిగాక ఒకసారి వలలో చిక్కిన కుందేలుని నోటితో పట్టింది, ఆ తర్వాత మళ్ళీ తోలలేదు. కొన్ని కుక్కల్లో ఇది ఎప్పటికీ పోదు.

మూడోది మనసు సున్నితం. బూచోడు ఏడు నెలలప్పుడు ఫెర్రెట్ పెట్టె మీద కాలు పెట్టాడు, నేను అలసటలో ఉండి గట్టిగా అరిచాను. తప్పు నాదే. అయిదు వారాలు వాడు ఫెర్రెట్ కనబడితే దూరంగా పోయి వీపు తిప్పి కూర్చున్నాడు. టెర్రియర్ క్రాస్ అయితే అయిదు నిమిషాల్లో మర్చిపోయేది. కాలీ రక్తానికి మంచి ఎంత త్వరగా ఎక్కుతుందో చెడూ అంతే త్వరగా ఎక్కుతుంది, ఒక్కసారి జరిగినా అది ఒక నియమమని రాసుకుంటుంది. చప్పుళ్ళు కూడా అంతే. తుపాకీ, ఉరుము, ఇక్కడ ఏటా నవంబర్ 5న కాల్చే బాణసంచా. ఆ రాత్రి చుక్క స్నానాల గదిలోంచి బయటికి రాదు. తుపాకీతో కూడా పని చేయించాలనుకుంటే తల్లిదండ్రులు చప్పుడుకి ఎలా ఉంటాయో తప్పకుండా అడుగు.

నాలుగోది, ఎక్కువమంది పట్టించుకోనిది: మరీ తెలివైన కుక్క పనిలో లెక్కలు వేసుకుంటుంది. రాత్రి లైటు పనిలో మనం తొందరపడి బొరియ పక్కనే ఉన్న కుందేలు మీదికో, మరీ దూరంలో ఉన్నదాని మీదికో వదిలితే, గ్రేహౌండ్ రక్తం వందసార్లయినా ఉరుకుతుంది. కాలీ క్రాస్ పదిసార్లు విఫలమైతే పదకొండోసారి నిలబడి మన మొహం చూస్తుంది, ఇది దొరికేది కాదు అన్నట్టు. కొందరు దీన్ని బద్ధకం అంటారు. నేను ఒప్పుకోను, మనం ఇచ్చిన చెడ్డ అవకాశాలని అది గుర్తుపెట్టుకుంది అంతే. ఇలాగే, పిల్లగా ఉన్నప్పుడు అందని వాటి వెంట ఎక్కువగా పరిగెత్తిస్తే చిరాకుతో మొరుగుతూ తరమడం మొదలెడుతుంది. అది అలవాటైతే పొలంలో ఉన్న ప్రతి కుందేలూ మొదటి అరుపుకే లోపలికి పోతుంది, ఆ అలవాటు మాన్పించినవాళ్ళని నేను చూడలేదు.

పని లేని రోజుల సంగతి నీ ఇంటికి చాలా ముఖ్యం. మామూలు లర్చర్ సోఫా మీద పడి పద్దెనిమిది గంటలు నిద్రపోతుంది. కాలీ క్రాస్ అలా పడుకోదు, ముఖ్యంగా మొదటి మూడేళ్ళు. కర్రి ఏడు నెలలప్పుడు సైకిళ్ళకి పొంచడం మొదలెట్టింది, తర్వాత కార్లు, తర్వాత గోడ మీద కదిలే వెలుగు. ఆ టెన్షన్ తగ్గించడానికి రోజూ పొద్దున్న అరగంట వాసనతో వెతికే ఆటలు, సాయంత్రం ఏదైనా తెచ్చే పని పెట్టాను, రెండు నెలల్లో మానేసింది. కేవలం పరిగెత్తిస్తే తగ్గదు, ఇంకా బలం పెరిగి ఇంకా ఎక్కువ చేస్తుంది. పిల్లల సంగతంటావా, కరిచే రకం కాదు, కానీ పిల్లలు పెరట్లో గోల చేస్తూ పరిగెత్తితే వాళ్ళనీ మందలా తోలడానికి చూస్తుంది, మడమల దగ్గర ముక్కుతో పొడుస్తుంది. మీ తొమ్మిదేళ్ళ పాపకి దానితో వెతికే ఆట ఆడించడం నేర్పు. ఇద్దరికీ మంచిది.

గొర్రెల మధ్యలో పని కాబట్టి ఇంకోటి. కాలీ రక్తం ఉంది, గొర్రెల జోలికి పోదులే అనుకునేవాళ్ళున్నారు. నిజం దానికి వ్యతిరేకం, కాలీకి గొర్రెలంటే మహా ఆసక్తి, దానికి గ్రేహౌండ్ కాళ్ళు తోడైతే ఏమవుతుందో ఆలోచించు. మూడో నెల నుంచే పొడుగు తాడు మీద రోజూ మంద పక్కన నడిపించు, తలతిప్పి చూసినప్పుడల్లా నీ దగ్గరికి పిలిచి ఏదైనా తినిపించు, గొర్రెలు దానికి చెట్లలా మామూలైపోవాలి. నేర్పగలవు, వినే కుక్క కాబట్టి మిగతా లర్చర్ల కన్నా సులువుగా నేర్పగలవు. నేర్పకపోతే మాత్రం 1953 నాటి చట్టం ప్రకారం మంద వెంటపడిన కుక్క యజమాని నేరస్థుడు, కొన్ని పరిస్థితుల్లో రైతు ఆ కుక్కని కాల్చినా చట్టం ఆయన వైపే ఉంటుంది.

ఇప్పుడు పాళ్ళ విషయం, దీని మీదే అందరూ కొట్టుకుంటారు. కాలీ, గ్రేహౌండ్ నేరుగా కలిస్తే సగం క్రాస్. ఆ పిల్లని మళ్ళీ గ్రేహౌండ్‌తో కలిపితే ముప్పావు గ్రేహౌండ్, పావు కాలీ. ఎనిమిదింట అయిదు వంతులు, మూడు వంతులు అని కూడా చేస్తారు. సగం క్రాస్ పిల్లలు ఒకే ఈతలో దాదాపు ఒకేలా ఉంటాయి, ఏం వస్తుందో కొంత ఊహించవచ్చు. ముప్పావు పిల్లల్లో తేడా ఎక్కువ, ఒకటి పూర్తిగా గ్రేహౌండ్‌లా, దాని చెల్లెలు బొచ్చుతో కాలీలా రావచ్చు. చెవులపిల్లి వేట చట్టబద్ధంగా ఉన్న రోజుల్లో వేగం కోసం ముప్పావు క్రాస్‌ని అడిగేవాళ్ళు. ఇప్పుడు పనంతా కుందేళ్ళే. నా మాటలో చెప్పాలంటే ఫెర్రెట్ పని ఎక్కువైతే సగం క్రాస్, రాత్రి లైటు పని ఎక్కువైతే ముప్పావు, రెండూ సమానమైతే సగం క్రాస్‌ని విప్పెట్‌తో కలిపిన పిల్ల ఇంకా మేలు. ఎత్తు ఇరవై రెండు, ఇరవై మూడు అంగుళాలు దాటక్కర్లేదు, పెద్ద కుక్క కుందేలుతో పాటు మలుపు తిరగలేదు. అయినా ఈ పాళ్ళన్నిటికన్నా ఆ తల్లీ తండ్రీ పని చేశాయా అన్నది ఎక్కువ విలువైన ప్రశ్న. బహుమతుల కోసం పెంచిన అందమైన కాలీకీ, కొండ మీద రోజంతా గొర్రెల్ని తిప్పే కాలీకీ పేరు ఒకటే కానీ రక్తం వేరు.

ఆరోగ్యం గురించి తెలియాల్సినవి కొన్నే. కాలీ జాతుల్లో ఎండీఆర్1 అనే జన్యు లోపం ఉంటుంది, అది ఉన్న కుక్కకి ఐవర్‌మెక్టిన్ లాంటి మందు ఎక్కువ మోతాదులో పడితే మెదడు మీద పనిచేస్తుంది. రఫ్ కాలీల్లో ఇది చాలా ఎక్కువ, బోర్డర్ కాలీల్లో అరుదు, కానీ నువ్వుండేది గొర్రెల ఫామ్, అక్కడ పురుగుల మందుగా ఐవర్‌మెక్టిన్ వాడటం మామూలే, కిందపడిన మందు నాకినా, మందు వేసిన గుర్రాల పేడ తిన్నా ప్రమాదమే. బుగ్గలోపల దూదిపుల్లతో తీసిన నమూనాతో పరీక్ష అయిపోతుంది, చేయించు. కాలీల్లో పుట్టుకతో వచ్చే కంటి లోపం ఒకటుంది, తల్లిదండ్రుల కంటి పరీక్ష కాగితం అడుగు. మచ్చల నీలి బూడిద రంగు, అదే మెర్ల్, చూడ్డానికి బాగుంటుంది. తల్లీ తండ్రీ రెండూ మెర్ల్ అయితే కొన్ని పిల్లలు చెవిటివిగానో గుడ్డివిగానో పుడతాయి, అలాంటి ఈత దగ్గర ఆగకు. ఇక గ్రేహౌండ్ వైపు నుంచి వచ్చేది మత్తుమందు సంగతి, పాత బార్బిట్యురేట్ రకం మత్తు వీటి ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది, ఆపరేషన్‌కి ముందు గ్రేహౌండ్ రక్తం ఉందని డాక్టర్‌కి నోరు తెరిచి చెప్పు. పని గాయాలు మామూలే, ముళ్ళకంచె తగిలి చర్మం చీరుకోవడం, కాలివేళ్ళు బెణకడం. చుక్క ఒక రాత్రి గడ్డకట్టిన చక్రాల గాడిలో వేలు విరగ్గొట్టుకుని ఆ సీజనంతా ఇంట్లోనే ఉంది. అప్పటినుంచి నేల గట్టిగా గడ్డకట్టిన రాత్రుల్లో కుక్కని వదలను.

చట్టం విషయం చాలా జాగ్రత్తగా చదువు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2004 హంటింగ్ యాక్ట్ 2005 ఫిబ్రవరి 18 నుంచి అమల్లో ఉంది, కుక్కలతో అడవి జంతువుల్ని వేటాడటం నేరం. మినహాయింపుల్లో ఎలుకలూ కుందేళ్ళూ ఉన్నాయి, అది కూడా నీ సొంత నేల మీద, లేదా హక్కుదారు అనుమతిచ్చిన నేల మీద మాత్రమే. చెవులపిల్లిని తరమడానికి లేదు, జింకనీ నక్కనీ లేదు. 2022లో వచ్చిన చట్టంతో చెవులపిళ్ళ కోసం కుక్కలతో పరాయి పొలాల్లోకి వెళ్ళేవాళ్ళకి జైలు, పరిమితి లేని జరిమానా, కుక్కల్ని పెంచకుండా నిషేధం కూడా వేయవచ్చు. మా లింకన్‌షైర్ పోలీసులు దీనికోసమే ఆపరేషన్ గెలీలియో నడుపుతున్నారు, చలికాలంలో లర్చర్ వెనక సీట్లో ఉంటే కారు ఆపి అడుగుతారు. నన్ను రెండుసార్లు ఆపారు, రైతులు సంతకం పెట్టిన ఉత్తరాలు చూపించాను, మర్యాదగా మాట్లాడి పంపించారు. అనుమతి నోటిమాటగా ఉంచుకోకు, పొలాల పేర్లు, తేదీలతో కాగితం మీద రాయించుకో. స్కాట్లాండ్‌లో చట్టం వేరు, 2023 నుంచి అక్కడ కుందేళ్ళ విషయంలో కూడా నియమాలు కఠినం, సెలవుల్లో కుక్కని తీసుకెళ్ళి ఇక్కడిలాగే అనుకుని వదలొద్దు. రాత్రి లైటులో మెరిసే కళ్ళు రెండు కనబడితే అది కుందేలు అవునో కాదో తేలేదాకా పట్టీ వదలకు. కాలీ క్రాస్ ఇక్కడ మళ్ళీ మనకి మేలు చేస్తుంది, చెవులపిల్లి లేస్తే "వద్దు" అన్న మాటకి ఆగే లర్చర్ ఇదొక్కటే నాకు తారసపడింది.

నువ్వు ఇంకో లెక్క కూడా వేసుకోవాలి, అసలు కుందేళ్ళు ఎన్ని ఉన్నాయి? 1953లో మిక్సమటోసిస్ రోగం వచ్చి ఈ దేశంలో నూటికి తొంభై తొమ్మిది కుందేళ్ళు పోయాయి, మళ్ళీ పుంజుకున్నాక 1990ల్లో రక్తస్రావ రోగం ఒకటొచ్చింది, దాని కొత్త రకం ఇంకా తిరుగుతోంది. మా ఫాముల్లో ఒకదాంట్లో రెండేళ్ళు పూర్తిగా ఏమీ లేవు. అప్పుడు పిచ్చుక హాయిగా పడుకుంది, చుక్కకి మాత్రం నేను పని వెతికిపెట్టాల్సి వచ్చింది, ధాన్యం గిడ్డంగుల్లో ఎలుకలు పట్టించాను, అదీ బాగా నేర్చుకుంది. నీ ఫామ్‌లో కూడా అలా ఖాళీ అయితే ఆ కుక్కకి ఏం చేస్తావో ఇప్పుడే ఆలోచించుకో.

ఊళ్ళో స్నేహితులు కొందరు ఇలాంటి పిల్లని ఇండియాకి పంపమని నన్ను అడుగుతుంటారు, నీకూ అడుగుతారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అక్కడ కుక్కలతో చెవులపిల్లిని వేటాడటం నేరం. పని లేకుండా, ఆ బొచ్చుతో, మే నెల ఎండలో ఈ కుక్కని ఉంచడం దానికి శిక్ష. నేనెప్పుడూ పంపలేదు.

పిల్లని తెస్తే తొందరపడకు, అందరూ చేసే తప్పు అదే. తెలివిగా ఉంది కదా అని ఆరేడు నెలలకే పనిలో దింపుతారు. బుర్ర సిద్ధమైనా పొడుగు కాళ్ళ ఎముకలు ఏడాది దాకా గట్టిపడవు. రెండు మూడు నెలల వయసులో ఫెర్రెట్లకి అలవాటు చెయ్యి, ఫెర్రెట్ ముక్కు కొరికితే కొరకనీ, అది జన్మలో మర్చిపోదు. మెత్తటి బొమ్మ తెప్పించు, రోజుకి నాలుగైదు సార్లే, విసుగు పుట్టకముందే ఆపు. తొమ్మిది పది నెలలకి పట్టీ మీదే ఉంచి ఫెర్రెట్ పని చూపించు. రాత్రి లైటు పని ఏడాది నిండాకే, మొదటి నెలల్లో రాత్రికి రెండు పరుగులు, అవీ గాలి ఉన్న చీకటి రాత్రి, బొరియకి దూరంగా కూర్చున్న కుందేలు మీదికి. రెండింటిలో ఒకటి దొరికితే దానికి నమ్మకం కుదురుతుంది.

ఇక నువ్వు చూడబోయే ఈత గురించి. ప్రకటనలో "తండ్రి పనిచేసే కాలీ" అని ఉందన్నావు, కాబట్టి తండ్రి గొర్రెల మధ్య పనిచేస్తుంటే కళ్ళారా చూపించమను, ఫోన్లో వీడియో సరిపోదు. తల్లి గ్రేహౌండ్ పిల్లల దగ్గరే ఉండాలి, ఇంగ్లండ్‌లో 2020 ఏప్రిల్ నుంచి ఆరు నెలల లోపు పిల్లల్ని మధ్యవర్తులు అమ్మకూడదు, తల్లి లేకుండా చూపిస్తే వెనక్కొచ్చెయ్యి. ఎనిమిది వారాలకి మైక్రోచిప్ వేసి ఉండాలి. వెళ్ళేటప్పుడు తాళాల గుత్తి తీసుకెళ్ళు, పిల్లలు ఆడుకుంటున్నప్పుడు కాస్త దూరంగా నేల మీద పడెయ్యి. మొదట ఉరికొచ్చిన దాన్ని కాదు, ఒక్కసారి ఉలిక్కిపడి మళ్ళీ తనంతట తానే వచ్చి వాసన చూసిన దాన్ని పట్టుకో. మూలకి పోయి తిరిగి రానిదాన్ని, ఎంత ముద్దుగా ఉన్నా, వదిలెయ్యి. మగా ఆడా రెండూ నచ్చితే ఆడపిల్లని తీసుకో, నా అనుభవంలో అవి ఆరు నెలల ముందే పనికొస్తాయి. ఆ రోజు డబ్బులివ్వకుండా ఇంటికొచ్చి, తల్లిదండ్రుల గురించి వాళ్ళు చెప్పినవి ఇక్కడ రాయి, నేను చూసి చెప్తాను.